ప్రాచీన విద్యయు విదేశ వాసమును

దేశాటనము వలన జ్ఞానము కలుగునని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ మాట నిజమే. కాని దానిని నమ్మి బిడ్డలను దూరదేశములకు సాగనంపిన తల్లిదండ్రులందఱును జ్ఞానులను ఇంటికి రప్పించుకొనలేదు. కాశికి పోయినవాడు గంగను చూచును. చూడవలసినదేమో ముందుగా కొంతయైనను తెలియనివాడు నీటిని మాత్రమే చూచి తిరిగి వచ్చును. విద్యకొఱకై చేయు యాత్రయందును ఈ భేదమే యున్నది.

గ్రీకు, లాటిను భాషలలోని ప్రాచీన వాఙ్మయమును, దానితోడ పురావస్తు శాస్త్రమును అభ్యసింపదలచిన విద్యార్థి, పరిశోధక విద్యలో ప్రవేశించుటకు ముందు, కొన్ని మాసములు ఏథెన్సులోనో రోములోనో గడపుట పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో ఆచారమైనది. ఏథెన్సులో ఫ్రెంచివారు 1846లోను, అమెరికనులు 1881లోను, ఆంగ్లేయులు 1886లోను విద్యాపీఠములు నెలకొల్పిరి. ఇవి ముఖ్యముగా పరిశోధకుల కొఱకు ఏర్పడినవే యైనను, వేసవి తరగతులలో పట్టపరీక్షకు చదువుచున్న పిన్నలకును చోటిచ్చుచున్నవి. కేవలము ఆ వయసువారి కొఱకే ఏథెన్సులో 1962లో ఒక విద్యాసంస్థయు, రోములో 1965లో అమెరికను కళాశాలలు కొన్ని చేరి యొక కేంద్రమును స్థాపించినవి. ఈ వాసము ముగించి వచ్చిన విద్యార్థి, ఎం.ఏ. లేక డాక్టరు పట్టమునకై దరఖాస్తు పెట్టుకొనునపుడు దానిని తన యోగ్యతలలో నొకటిగా చూపుకొనును.

ఇది మనకేల యని చదువరు లడుగవచ్చును. మన యువకులును యువతులును నేడు వేలకొలదిగా విదేశములకు పోవుచున్నారు. వారిలో పెక్కుమంది యంత్రవిద్యలకే పోవుచున్నను, అక్కడక్కడ నొక బాలుడో బాలికయో ప్రాచీన చరిత్రను చదివెదనని పట్టుబట్టుట కలదు. అపుడు ఇంటివారు అడుగు ప్రశ్న యొక్కటే: ఇంత సొమ్ము వ్యయపెట్టి పాడుబడిన గోడలను చూచివచ్చుట వలన ఏమి ప్రయోజనము? ఆ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట న్యాయము కాదు. దానికి తగిన యుత్తరము చెప్పుటకే ఈ విమర్శకు పూనుకొంటిమి.

మా యభిప్రాయమును ముందే చెప్పెదము. ఇట్టి విదేశ వాసమునకు గల ప్రయోజనము, విద్యార్థి తన తప్పును తాను కనుగొనుట. పుస్తకము వలన ఏర్పడిన యూహను స్థలము దిద్దవలెను. స్థలమును చూచి తొందరపడి చేసిన నిర్ణయమును పుస్తకము దిద్దవలెను. ఆ రెంటిని ఆశ్రయించి గర్వించువానిని అచట బ్రదుకుచున్న ప్రజలు దిద్దవలెను. ఈ దిద్దుబాటు జరిగినచో కొలది మాసములైనను సార్థకము. జరుగనిచో అది ఖరీదైన విహారము మాత్రమే.

ఈ మాటకు నిదర్శనముగా ముగ్గురి చరిత్రములను, వారి పనిని పరిశీలింతము.

మొదటివాడు వింకెల్‌మాన్. ఇతడు 1717లో జర్మనీ దేశమున చెప్పులు కుట్టువాని యింట పుట్టెను. దారిద్ర్యముతో పోరాడి గ్రీకు నేర్చి, 1755లో రోము చేరి, 1764లో ప్రాచీన శిల్పకళా చరిత్రమును ప్రకటించెను. అంతకుముందు శిల్పులను గూర్చిన కథలే చరిత్రమని చెలామణి యగుచుండగా, శిల్పమునకు పుట్టుక, పెరుగుట, పరిపాకము, క్షీణత యని దశలు కలవనియు, రాతి పనితనమును బట్టియే కాలమును నిర్ణయింపవచ్చుననియు ఇతడు చూపెను. కళాచరిత్ర యను శాస్త్రమునకు అతనిని మూలపురుషునిగా చెప్పుట అతిశయోక్తి కాదు.

అయినను అతడు గ్రీసు దేశమున అడుగు పెట్టలేదు. పిలుపులు వచ్చినను పోలేదు. దక్షిణ ఇటలీలో గ్రీకులు కట్టిన పేస్టమ్ ఆలయములను చూచెను. రోమునందలి ధనికుల సంగ్రహములలోని విగ్రహములను కన్నులార చూచెను. గ్రీకు శిల్పమునకు పరాకాష్ఠ యని అతడు కొనియాడిన అపాలో విగ్రహము రోమను కాలమున చెక్కబడిన ప్రతిరూపమని నేటి పండితుల మతము. తెల్లని పాలరాతియందు అతడు కాంచిన స్వచ్ఛతయు అట్టిదే. గ్రీకులు తమ విగ్రహములకు రంగులు పూసిరనుటకు రాతిపై మిగిలిన వర్ణముల జాడలే నేడు సాక్ష్యమిచ్చుచున్నవి. వాన కడిగిన, మన్ను తినివేసిన, తరువాతివారు తోమి శుభ్రపఱచిన రాయి తెల్లగా నుండెను. ఆ తెలుపే గ్రీకుల హృదయమని ఐరోపా రెండు తరములకు పైగా నమ్మెను. ఇందు వింకెల్‌మాన్ బుద్ధికి లోపము లేదు. తన యూహను దిద్దగల చోటికి అతడు పోలేదు, అదియే లోపము. 1768లో ట్రియెస్టె పట్టణమున హత్యకు గుఱియై మరణించుటచే, పోవు నవకాశము కూడ ముగిసెను.

రెండవవాడు ష్లీమన్. ఇతనిది విపరీతమైన తార్కాణము. వర్తకమున ధనము గడించి, అనేక భాషలు నేర్చి, హోమరు కావ్యమును ప్రాణముగా చూచుకొని, ట్రాయి నగరమును వెదకుచు తురుష్క దేశమునకు పోయెను. అచట నివసించుచుండిన ఫ్రాంక్ కాల్వర్ట్ అను నతడు చూపిన హిసార్లిక్ దిబ్బను 1870 మొదలు త్రవ్వింప నారంభించెను. హోమరు వర్ణించిన నగరము అన్నిటికంటె అడుగున ఉండునని నమ్మి, దిబ్బ నడుమ పెద్ద కందకము కొట్టించెను. ఆ తొందరలో పైనున్న పొరలు అనేకములు నశించెను. 1873లో బంగారు నగలు దొరకగా, అవి ప్రియాము రాజు నిధి యని లోకమునకు చాటెను. ఆ నగలు హోమరు గానము చేసిన యుద్ధకాలమునకు వేయేండ్లకు పైగా పూర్వపువని పిదప తేలెను. అతడు వెదకిన కాలపు పొరలు అతని కూలీలు తట్టలకెత్తి పాఱబోసిన మట్టిలోనే కొంతవఱకు పోయినవి.

ష్లీమన్ స్థలమునకు పోయినవాడే. కావ్యమునందలి ప్రతి మాటను ఎఱిగినవాడే. అతనికి లేనిది, మన్ను చెప్పు మాటను కావ్యము చెప్పు మాటకు వేఱుగా వినగల యోపిక. తరువాత డార్ఫెల్డ్ అను వాస్తుశిల్పి అతనితో చేరి పొరలను క్రమముగా గుర్తింప నేర్పినప్పుడు గాని ఆ త్రవ్వకమునకు శాస్త్రత్వము రాలేదు. కావున ప్రయాణము మాత్రమే విద్య యనువారికి ష్లీమన్ కందకమే సమాధానము.

మూడవ ఉదాహరణము మా విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. హారియట్ బాయిడ్ అను నామె 1871లో బాస్టను నగరమున జన్మించెను. స్మిత్ కళాశాలలో ప్రాచీన భాషలు చదివి 1892లో పట్టము పొంది, కొన్నేండ్లు ఉపాధ్యాయినిగా నుండి, 1896లో ఏథెన్సునందలి అమెరికను విద్యాపీఠమున చేరెను. ఆ సంవత్సరమే ఆ విద్యాపీఠమువారు కొరింథు పట్టణమున త్రవ్వకములు ప్రారంభించిరి. కాని ఆ రోజులలో స్త్రీలు గ్రంథాలయమున కూర్చుండి చదువుకొనుట యుక్తమనియు, పలుగు పాఱలతో పని పురుషులదనియు పెద్దల తలంపు. ఆమెకు త్రవ్వకమున చోటు దొరకలేదు.

ఇట్టి సందర్భమున పెక్కుమంది మనసు చిన్నబుచ్చుకొని ఇంటికి మఱలియుందురు. ఆమె అట్లు చేయలేదు. 1897లో గ్రీకులకును తురుష్కులకును యుద్ధము రాగా థెస్సలీ ప్రాంతమునకు పోయి గాయపడినవారికి పరిచర్య చేసెను. తోడివారు గ్రీకును మృతభాషగా పుటలలో చదువుచుండగా, ఆమె గాయపడిన పల్లెటూరి సిపాయి నోట దానిని జీవద్భాషగా వినెను. స్త్రీలకొఱకే ఏర్పడిన ఏగ్నెస్ హోపిన్ స్మారక వేతనము ఆమెకు లభింపగా, అందు మిగిలిన సొమ్ముతో 1900లో క్రీటు ద్వీపమునకు పోయెను. వృక్షశాస్త్రము నెఱిగిన యొక స్నేహితురాలు తోడు రాగా, కంచరగాడిదల పైనెక్కి కొండత్రోవల సంచరించి, కవూసి గ్రామమున త్రవ్వకములు నడపి, ఆ పనిని ఆధారముగా చేసికొని 1901లో తన కళాశాలలో ఎం.ఏ. పట్టమును పొందెను. పట్టము పిదప వచ్చినది; విద్య ముందుగా వచ్చినది.

ఆ 1901లోనే పొరుగు గ్రామస్థుడొకడు గుర్తు చెప్పగా గూర్నియా అను చోట ఆమె పనికి ఉపక్రమించెను. 1903, 1904 సంవత్సరములలోను ఆ పని సాగెను. నూఱుగురు కూలీల వఱకు ఆమె యాజ్ఞలో పనిచేసిరి. అదే కాలమున ద్వీపమునకు నడుమ క్నోసోసులో ఆర్థర్ ఈవాన్సు రాజప్రాసాదమును వెలికి తీయుచుండెను; లోకమంతయు ఆ చిత్తరువులను చూచి అబ్బురపడుచుండెను. గూర్నియాలో బయటపడినది రాజు మహిమ కాదు, చిన్న యూరు. రాళ్లు పఱచిన సందులు, ఒకదాని నొకటి ఆనుకొనిన చిన్న యిండ్లు, వడ్రంగి పనిముట్లు, కంచుపని చేయు తావు, నూనె తీయు తొట్లు. మూడువేల ఐదువందల యేండ్ల క్రిందట పనిపాటలు చేసికొని బ్రదికినవారి గృహకృత్యములు ఆ యూరిలో కన్నులకు గట్టినట్లుండెను.

1908లో ఆమె తన సహచరులు ముగ్గురితో కలిసి ప్రకటించిన గూర్నియా గ్రంథమును విమర్శదృష్టితో చూచితిమేని దాని గుణమును దోషమును రెండును మన చర్చకు పనికివచ్చును. గుణమేమనగా, పని ముగిసిన నాలుగేండ్లకే తన పేరును, సహచరుల పేళ్లను ఒకచోట నిలిపి, కుండలు, పనిముట్లు, ఇండ్ల పటములు అన్నియు లోకము ముందుంచుట. త్రవ్వి దాచుకొనువారు మెండుగానున్న శాస్త్రమున ఇది సామాన్యమైన ధర్మము కాదు. దోషమేమనగా, మూడు కాలములలో ఊరినంతను ఇంచుమించుగా త్రవ్వివేయుటచే, నేటివారు ప్రతి పొరను జల్లెడపట్టి గ్రహించు సూక్ష్మములు కొన్ని జాఱిపోయెను. 2010 మొదలు అమెరికను పండితులు అచట మరల త్రవ్వకములు జరిపి, ఆమె చూడని భాగములను పరీక్షించిరి. అయినను ఆమె పటములును, వ్రాతలును ఉండబట్టియే పిదపవారు ఆమెను దిద్దగలిగిరి. తన్ను దిద్దుటకు వలయు సాధనమును తానే యిచ్చిపోయిన పండితురాలిని దోషిగా నెంచుట కంటె గురువుగా నెంచుట న్యాయము.

ఇక నేటి విద్యాసంస్థలు చేయు పనిని చూతము. వానిలో మెచ్చుకొనదగిన పద్ధతి యొకటి కలదు. ఏథెన్సు విద్యాపీఠమున విద్యార్థులను దేశమంతయు త్రిప్పుదురు. ఒక్కొక్క స్థలమున ఒక్కొక్కరు, ముందుగా చదివివచ్చిన విషయమును ఆ శిథిలముల నడుమ నిలిచి వివరింపవలెను. రోము కేంద్రమున ప్రాచీన నగరమును గూర్చిన పాఠము వీథులలోను కొండలపైనను జరుగును. గదిలో ఉపన్యసించువాడు పటము తలక్రిందులుగా పట్టుకొన్నను తెలియకపోవచ్చును. గోడ ప్రక్కన నిలిచి, ఈ గోడ తూర్పు దిక్కున కలదని చెప్పువాని ముఖముపై ఉదయమున ఎండ పడకున్నచో అందఱును నవ్వుదురు. ఆ నవ్వు మంచి గురువు.

ఒక చిన్న తార్కాణమును చెప్పెదము. ప్లేటో వ్రాసిన యూథిఫ్రో అను సంవాదము, సోక్రటీసు తనపై వచ్చిన అభియోగమును గూర్చి రాజమండపమునకు వచ్చినపుడు జరిగినట్లు కల్పింపబడినది. ఆ యభియోగము ప్రాణము తీసిన సంవత్సరము క్రీ. పూ. 399. రాజమండపమను పేరు వినగానే చదువరి మనస్సున స్తంభముల బారులు, విశాలమైన అంగణములు మెదలును. క్రీ. శ. రెండవ శతాబ్దపు యాత్రికుడు పాసేనియస్ తన గ్రీసు వర్ణనమున దీనిని సంతవీథియొక్క ఆరంభమున పేర్కొనెను. 1931 మొదలు ఆ సంతవీథిని త్రవ్వుచుండిన అమెరికనులకు అది చాలకాలము దొరకలేదు. 1970లో, రైలుదారికి ఉత్తరమున దొరకెను. దాని పొడవు 18 మీటర్లైనను లేదు. మన యూళ్లలో ఒక మోస్తరు సత్రమునకు సరిపోవును. ఒక మహాపురుషుని మరణమునకు దారితీసిన వ్యవహారము అంత చిన్న కొట్టములో మొదలయ్యెనని ఆ ముంగిట నిలిచిన విద్యార్థి తెలిసికొన్నపుడు, ఆ సంవాదము వానికి వేఱు కంఠముతో వినబడును. అధికారము భయంకరమగుటకు భవనము పెద్దదిగా నుండనక్కఱలేదని పుస్తకము చెప్పలేదు, స్థలము చెప్పెను.

మన్ను పుస్తకమును దిద్దుటయే కాదు, పుస్తకములను కనుటయు కలదు. ఇంగ్లండు ఉత్తర భాగమున హేడ్రియను గోడకు చేరువగా విండోలాండా యను రోమను దండు విడిది యున్నది. 1973లో అచట గాలి సోకని తడిమన్నులో పలుచని కొయ్యపలకలు దొరకెను. వానిపై సిరాతో వ్రాతలు: సరుకుల పద్దులు, సెలవు కోరు అర్జీలు, ఇంటి జాబులు. అందొకటి క్రీ. శ. 100 ప్రాంతమున క్లాడియా సెవెరా యను నామె, దండు నాయకుని భార్యయగు లెపిడినాను తన పుట్టినదినపు వేడుకకు పిలుచుచు పంపిన జాబు. జాబును లేఖకుడు వ్రాయగా, చివరి పలుకులను ఆమె స్వహస్తముతో చేర్చెను. స్త్రీ చేతివ్రాతగా నేటికి నిలిచిన లాటిను వ్రాతలలో మిక్కిలి ప్రాచీనమైన వానిలో ఇది యొకటి. సేనాపతుల చరిత్రములు వ్రాసిన ప్రాచీన గ్రంథకర్తలలో ఎవ్వరును ఈ స్నేహమును గూర్చి వ్రాయలేదు.

విండోలాండాలో ఏటేట స్వచ్ఛందముగా పనిచేయువారికి చోటు కలదు. పలకను మన్నులోనుండి తీయుటకు చేతినేర్పు చాలును. దానిని చదువుటకు లాటిను కావలెను. అదియును అచ్చు పుస్తకమునందలి లాటిను కాక, గొలుసుకట్టు వ్రాతలోని లాటిను. ఈ స్థితిలో భాష రాని విద్యార్థి తన చేతనే వెలువడిన జాబును చదువలేక ఇతరుల నోటివైపు చూచుచు నిలువవలెను. నేటి ఆచారమునందలి మొదటి లోపము ఇక్కడనే యున్నది. భాష రెండేండ్లైనను చదువనివారిని శిథిలములకు పంపి, ఛాయాచిత్రములతో తృప్తిపఱచి త్రిప్పిపంపు సంస్థలు లేకపోలేదు. పరిశోధక విద్యలో ప్రవేశమునకు గ్రీకు, లాటిను భాషలే గాక జర్మను, ఫ్రెంచి వంటి భాషలలో చదువగల శక్తియు కోరుదురు. అందుచేతనే అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయములు, పట్టము పొందినవారికి ప్రాచీన భాషలను గట్టిపఱచుకొనుటకు ప్రత్యేకముగా ఒక సంవత్సరపు పాఠక్రమమును నడుపుచున్నవి. భాష బలహీనముగానున్న విద్యార్థికి విదేశ వాసము కంటె ముందు ఆ సంవత్సరమే మేలు. పునాది వేయక మేడకు రంగులు కోరుట అవివేకము.

రెండవ లోపము ధనము. కొన్ని త్రవ్వకములలో విద్యార్థి తానే రుసుము చెల్లించి ఎండలో తట్టలు మోయవలెను. వేసవియంతయు జీతము లేక పనిచేయగలవాడు ధనికుని బిడ్డ. ఆ పని చేసినవానికి సిఫారసు ఉత్తరము దొరకును. ఆ యుత్తరమున్నవానికి విద్యాలయమున చోటు దొరకును. ఈ విధముగా ఐశ్వర్యము యోగ్యత యను పేరు ధరించి లోనికి ప్రవేశించును. హారియట్ బాయిడ్ క్రీటునకు పోగలిగినది స్త్రీలకై ప్రత్యేకించిన యొక వేతనముండుట చేతనే గదా! ఆ వేతనము లేకున్నచో ఆ యూరు ఆమె చేతులలో వెలువడి యుండదు. పేదవారికిని, స్త్రీలకును, దూరదేశీయులకును వేతనములు లేని విద్యాయాత్ర జ్ఞానమునకు ద్వారము గాక కులీనులకు కంచె యగును. ఈ విషయమున ఆ సంస్థలు కొన్ని వేతనములను ఏర్పఱచినను, అవసరముతో పోల్చిన చాలవని మా తలంపు.

మూడవ లోపము సూక్ష్మమైనది, అందుచేత మఱింత ప్రమాదకరమైనది. చచ్చిన గ్రీకులను ప్రేమించి బ్రదికిన గ్రీకులను చూడకుండుట. డెల్ఫీ క్షేత్రమును ఫ్రెంచివారు 1892లో త్రవ్వనారంభించుటకు, దానిపై వెలసిన కస్త్రీ గ్రామమును కదల్చి వేఱొకచోట కట్టవలసి వచ్చెను. ఏథెన్సు సంతవీథిని వెలికి తీయుటకై వ్రిసాకీ యను పేటలోని ఇండ్లు వందలకొలది కొనబడి కూల్పబడెను. అచట కాపురములు చేసినవారు, పిల్లలను కన్నవారు తరలిపోయిరి. త్రవ్వకము వలదని మేము చెప్పము. రాజమండపము ఆ త్రవ్వకముల ఫలమే గదా. కాని ఆ రాళ్లపై నిలిచి సోక్రటీసును స్మరించు విద్యార్థి, ఆ రాళ్లపై నిన్నటివఱకు వంటచేసికొనిన యిల్లాలిని కూడ ఒక్కమాఱు స్మరింపవలెను. అచటి కూరగాయల యంగడిలో బేరమాడుటకు చాలినంత నేటి గ్రీకైనను నేర్వనివాడు, ప్రాచీన గ్రీసును గూర్చి మాటాడుటకు కొంచెము సంకోచింపవలెను.

ఈ విమర్శ మనకును తగులును. ప్రథమ శతాబ్దమున గ్రీకు నావికుడొకడు వ్రాసిన ఎఱ్ఱసముద్ర యాత్రా గ్రంథమున మసాలియా యను తీరము, అచట నేయబడు సన్నని వస్త్రములు పేర్కొనబడినవి. అది మన కృష్ణా తీరప్రాంతమని పండితులు గుర్తించిరి. రోమను నాణెములు మన నేలలో దొరకినవి. అమరావతి స్తూపపు శిల్పములలో 1845లో సర్ వాల్టర్ ఎలియట్ త్రవ్వించినవి పెక్కు సముద్రము దాటి లండను చేరినవి. మఱికొన్ని చెన్నపట్టణమున నున్నవి. దిబ్బ మాత్రము అమరావతిలో మిగిలినది. నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, దొరకినదానిని కొండపైకి చేర్చి, తక్కినదానిని జలాశయమునకు అప్పగించితిమి. అమరావతి శిల్పములను లండనులో మాత్రము చూచినవాడు వింకెల్‌మాన్ వంటివాడు: రాయి యెఱుగును, చోటెఱుగడు. దిబ్బను మాత్రము చూచి వచ్చినవానికి చోటు తెలియును, రాయి తెలియదు. ఈ రెంటిని కూర్చి చదువగల తెలుగు విద్యార్థులు మనకు కావలెను. ఏథెన్సు పోగోరు మన బాలిక ముందుగా కృష్ణ యొడ్డున ఒక దినము గడపినచో, అచట ఏమి యడుగవలెనో ఇచటనే నేర్చుకొనును.

ఇపుడు ఇంటివారి ప్రశ్నకు ఉత్తరము చెప్పవచ్చును. బిడ్డను పంపుటకు ముందు ఆ సంస్థవారిని మూడు సంగతులు అడుగుడు. విద్యార్థి స్థలమున నిలిచి స్వయముగా వివరింపవలెనా, లేక ఇతరులు చెప్పగా విని రావలెనా? ప్రాచీన భాషల పాఠము ఆ మాసములలో సాగునా, నిలిచిపోవునా? అచటి ప్రజలతో మాటాడుటకు, కూలీలతోను మేస్త్రీలతోను కలిసి పనిచేయుటకు అవకాశము కలదా? ఈ మూడింటికి సరియైన ఉత్తరము వచ్చినచో, అప్పుచేసి కాకపోయినను, ఇతర భోగములు మాని పంపుట మంచిది. రాకున్నచో ఆ సొమ్ముతో గ్రంథములు కొని ఇంట చదివించుట మేలు.

కడపట నొక్కమాట. ఇట్టి వాసము ముగించి వచ్చి, తనకు పరిశోధక విద్య వలదని చెప్పు బిడ్డలు కూడ ఉందురు. దానిని నష్టముగా భావింపవలదు. డాక్టరు పట్టమునకు పట్టు కాలము చాల దీర్ఘము. ఆ పట్టము పొందినవారికందఱకు తగిన ఉద్యోగములు లేవు. తన మనస్సు దేనియందు నిలుచునో ఆఱుమాసములలో తెలిసికొన్నవాడు, ఆఱేండ్ల పిదప తెలిసికొన్నవాని కంటె అదృష్టవంతుడు. నిలుతునని వచ్చినవానికి మాత్రము, పుటయందు చదివినది ప్రతిదియు మన్నును అడిగి గాని నమ్మరాదను భయము కొంత యంటియుండును. ఆ భయము పోగొట్టకుడు. ఆ బిడ్డ తెచ్చిన విద్యలో విలువైన భాగము అదియే.